జిగురు

నేరేడ్‌మెట్‌లోని మా యింట ఒక రేకు పెట్టెలో మా తండ్రిగారి ఉత్తరమొకటి ఉన్నది. 1971వ సంవత్సరపు యుద్ధకాలమున ఆయన సరిహద్దునుండి మా అమ్మకు పెన్సిలుతో వ్రాసినది. పలుమారులు విప్పి చదువుటచే అది మడతలకడ చినిగి నాలుగు ముక్కలయ్యెను. నాకు పండ్రెండేండ్లు వచ్చిన యేట, అమ్మను సంతోషపెట్టదలచి, చౌరస్తాకడ సైకిళ్లు బాగుచేయువానిని అడిగి పంక్చరు వేయు సొల్యూషను తెచ్చితిని. ముక్కలను ఒక తెల్లకాగితముపై పేర్చి అతికించితిని. అమ్మ నా తల నిమిరెను.

కొన్నియేండ్లకు ఆ జిగురు గోధుమరంగునకు తిరిగి, కాగితముగుండ పైకి ఊరెను. నీటితో తడిపి చూచితిని, వదలలేదు. "మీ నాన్న సంతకము కనబడుటలేదురా" అని అమ్మ యన్నప్పుడు నేను తలయెత్తలేకపోతిని.

సంక్రాంతి గాలిపటములకై మా అమ్మమ్మ ఏటేట ఉడికించెడి మైదాజిగురు ఎదుటనే యుండగా, దానిని నేను చులకనగా చూచితిని. ఒక చెంచా మైదాను అయిదు చెంచాల చల్లని నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై విడువక త్రిప్పవలెను. వేడికి పిండిలోని గంజిరేణువులు నీరు పీల్చి ఉబ్బును. తెల్లని నీరు చిక్కబడి కొంచెము నిగనిగలాడును. అప్పుడు దింపి చల్లార్చవలెను. దీనిని పలుచగా పూయుటలోనే పనితనమంతయు ఉన్నది. తడి యెక్కువైనచో కాగితము సాగి, ఆరునప్పుడు ముడుతలు పడును. అందుచే అతికినదానిని బరువైన పుస్తకముల క్రింద ఆరనీయవలెను. ఇది రెండుదినములకే పులియును, పురుగులకును ప్రీతికరము. అయినను తడిపినచో మరల విడివడును. పాతప్రతులను బాగుచేయువారు గంజిజిగురును వాడుట ఈ గుణముచేతనే.

అట్టపెట్టెలకు, బొమ్మలకు ఇంత సుకుమారము అక్కరలేదు. 1959లో మనదేశమున వెలువడిన ఫెవికాల్ వంటి తెల్లజిగురు వానికి చాలును. చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపి ముఖములనే మలచుదురు. కవరు అంచులకు తుమ్మబంక మేలు.

నేడు చినిగిన కాగితమేది కనబడినను నేను మైదా ఉడికించెదను. నాన్నగారి ఉత్తరమును మాత్రము మరల తాకలేదు. అమ్మకది కంఠస్థము. చదువుచు చదువుచు చివరకు వచ్చునప్పటికి, ఆమె వ్రేలు ఆ గోధుమరంగు మచ్చపై కొంతసేపు నిలుచును.