బొమ్మ అడుగున ఉన్న పేరు

ఆంట్‌వెర్ప్, మంగళవారం రాత్రి

బాబాయ్,

నాకన్నా ముందు మీరు చూడాల్సిన ఇల్లు ఇది. క్రిస్టఫర్ ప్లాంటిన్ 1555లో ఈ ఊళ్ళో అచ్చుపని మొదలుపెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు మొరేటస్, ఆ అల్లుడి పిల్లలు, వాళ్ళ పిల్లలు అదే పని పట్టుకుని మూడు వందల ఏళ్ళు నడిపారు. 1876లో ఇంటినీ ప్రెస్సునీ సామాన్లతో సహా ఊరికి అమ్మేశారు. మరుసటి ఏడే మ్యూజియం తెరిచారు.

ముద్రణశాలలో అడుగుపెట్టగానే బెజవాడలోని మీ ప్రెస్సూ, మీరూ గుర్తొచ్చారు. ఒక పక్క టైపు కేసులు, కిటికీల వైపు వరసగా చెక్క ప్రెస్సులు. చివర గోడ దగ్గర మరో రెండున్నాయి. అవి 1600 ప్రాంతం నాటివి, ప్రపంచంలో మిగిలిన ప్రెస్సుల్లో అంతకన్నా పాతవి లేవు. కేసుల్లో గళ్ళు చాలా తక్కువ. ఒత్తులూ గుణింతాలూ లేని భాషలకి అవి చాలు. మన కంపోజిటర్లు ఎంత పెద్ద కేసు ముందు నిలబడి పనిచేశారో ఇక్కడికొచ్చాక బాగా తెలిసింది.

కానీ నేను వచ్చింది టైపు కోసం కాదు, రాగి పలకల కోసం. పాత పుస్తకం తెరవగానే ఎదురుగా కనిపించే రచయిత బొమ్మ ఉంటుందే, అది ఆ పలకలోంచి వచ్చిందే. మన బ్లాకులో ఎత్తుగా ఉన్నచోట సిరా అంటుకుంటుంది. ఇక్కడ అంతా తిరగేసి ఉంటుంది. సన్నటి ఉలితో రాగిని తోసుకుంటూ గాడి చేస్తారు. పలకంతా సిరా పూసి, గుడ్డతోనూ అరచేత్తోనూ తుడిచేస్తారు. గాడిలో మిగిలిన సిరాని తడి కాగితం పైకి లాక్కోవాలి. దానికి మామూలు ప్రెస్సు బలం చాలదు. రెండు రోలర్ల మధ్య, చెరుకు గానుగలో పెట్టినట్టు, పెట్టి తిప్పాలి.

అంటే అక్షరాలకి ఒక మిషను, బొమ్మకి ఇంకో మిషను. ఒకే కాగితం రెండుసార్లు అచ్చుకి ఎక్కాలి. అక్షరాలు అచ్చయిన ఫారాలని బొమ్మ కోసం ప్లాంటిన్ బయటికి పంపేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఫారాలు వెళ్ళింది మింకెన్ లీఫ్రింక్ అనే ఆవిడ దగ్గరికి. రాగి పలకల అచ్చు ఆవిడ సొంత వ్యాపారం. కొన్ని పాత పుస్తకాల్లో బొమ్మ పేజీలో ఒక పక్కకి వాలి ఉంటుంది. చదివేవాళ్ళు దాన్ని తప్పుగా చూస్తారు. ఆ కాగితం రెండు చేతులు మారి వచ్చిందని మీరైతే చూడగానే చెప్పేస్తారు.

ఒక సంగతి విని సంతోషిస్తారు. ప్లాంటిన్ మనవడు బాల్తసార్ మొరేటస్ కాలంలో ఈ పుస్తకాలకి ముఖపత్రాలు గీసింది చిత్రకారుడు రూబెన్స్. పెద్ద సైజు పుస్తకానికైతే ఇరవై గిల్డర్లు పుచ్చుకునేవాడు. ఆరు నెలల ముందే చెప్పాలి, అదీ ఆయన సెలవు రోజుల్లోనే గీస్తాడు. మామూలు రోజున గియ్యమంటే నూరు గిల్డర్లు అవుతుందని బాల్తసార్ మొరేటస్ ఒక ఉత్తరంలో రాసిపెట్టాడు. కవరు బొమ్మ కోసం ఆర్టిస్టుల ఇళ్ళ చుట్టూ మీరు తిరిగిన సాయంత్రాలు కళ్ళ ముందు మెదిలాయి.

ఆంట్‌వెర్ప్, గురువారం

బాబాయ్,

ఇవాళ మధ్యాహ్నం మ్యూజియం వాళ్ళ బొమ్మల విభాగంలో కూర్చున్నాను. ముందే రాసి అనుమతి తీసుకున్నాను కాబట్టి పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

1572లో ఈ ఊళ్ళో ముఖాల పుస్తకాలు రెండు వచ్చాయి. ఒకటి ఫిలిప్స్ గాలె వేసింది, నలభై నాలుగు మంది పండితుల ముఖాలు. రెండోది ఈ దేశపు చిత్రకారులవి, ఇరవై మూడు. ప్రతి బొమ్మ కిందా లాటిన్ పద్యం. ఈ రెండో పుస్తకం తలపెట్టింది 'నాలుగు గాలులు' అనే దుకాణం యజమాని హిరోనిమస్ కాక్. ఆయన 1570లో పోయాడు. పుస్తకం బయటికి తెచ్చింది భార్య వోల్క్స్‌కెన్ డీరిక్స్. అందులో భర్త ముఖాన్నీ చేర్చింది. అక్కడితో ఆగలేదు, 1600లో తను పోయేదాకా దుకాణం నడిపింది. మొన్న మింకెన్, ఇవాళ వోల్క్స్‌కెన్. బొమ్మల వ్యాపార చరిత్ర అంటే చెక్కినవాళ్ళ పేర్లే వల్లిస్తాం. పెట్టుబడి పెట్టి, పలకలు దాచి, కాగితం కొని, అప్పులు వసూలు చేసిన ఈ ఆడవాళ్ళ పేర్లు మనదాకా ఎందుకు రాలేదో నాకు బాధగా ఉంది.

తర్వాత చిత్రకారుడు వాన్ డైక్ ముఖాల వరస తెరిచాను. రాజులు, సేనాపతులు, పండితులు, చిత్రకారులు. ఒకే ముఖం, ఒకే పలక, కానీ వేరువేరు కాలాల్లో తీసిన రెండు అచ్చులు పక్కపక్కన పెట్టుకున్నాను. ముఖంలో తేడా ఏమీ లేదు. అడుగున చూడండి, అసలు సంగతి అక్కడుంది. 'పింక్సిట్' అంటే చిత్రించాడు, 'స్కల్ప్సిట్' అంటే చెక్కాడు, 'ఎక్స్‌కుడిట్' అంటే ప్రచురించాడు. మొదటి అచ్చులో 'ఎక్స్‌కుడిట్' ముందు మార్టెన్ వాన్ డెన్ ఎండెన్ పేరుంది. రెండోదాంట్లో ఆ పేరు లేదు. పలక మీద దాన్ని చెరిపేసి, 'జి.హెచ్.' అని రెండక్షరాలు చెక్కారు. గిలిస్ హెండ్రిక్స్! వాన్ డెన్ ఎండెన్ వేసినవి ఎనభై బొమ్మలు. ఆ పలకలు చేతికొచ్చాక ఇంకొన్ని కలిపి 1645లో నూరు బొమ్మల పుస్తకం చేశాడు హెండ్రిక్స్. వాన్ డైక్ తన ముఖాన్ని తనే రాగి మీద గీసి, తల వరకే వదిలేసి పోయాడు. దానికి భుజాలూ పీఠమూ చెక్కించి, పుస్తకం మొదట్లో నిలబెట్టింది కూడా ఈ హెండ్రిక్సే.

భూతద్దం పెట్టి, పాత పేరున్న చోటే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ముఖం ఎవరిదైనా కానీ, బొమ్మ ఆయుష్షు ఆ పలక ఎవరి అలమారులో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. వాన్ డైక్ పలకలు చేతులు మారి మారి చివరికి పారిస్‌లో లూవ్ర్ వాళ్ళ దగ్గరికి చేరాయి.

లండన్, ఆదివారం

బాబాయ్,

ఇక్కడి సంగతులు క్లుప్తంగానే రాస్తాను, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

ఇంగ్లండులో 1735లో అచ్చు బొమ్మల హక్కుల కోసం చట్టం చేశారు. హోగార్త్ అనే చిత్రకారుడు పట్టుబట్టి తెప్పించింది. బొమ్మ అడుగున హక్కుదారు పేరూ, ప్రచురించిన తేదీ చెక్కితే పద్నాలుగేళ్ళు ఇంకెవరూ కాపీ కొట్టకూడదు. అందుకే ఆ తర్వాతి బొమ్మల్లో చాలావాటికి, ఎవరివో, ఏ తారీఖున పుట్టాయో అడుగునే రాసి ఉంటుంది.

తర్వాత వచ్చిన వెర్రి మాత్రం నాకు కోపం తెప్పించింది. జేమ్స్ గ్రాంజర్ అనే మతగురువు 1769లో ఇంగ్లండు ప్రముఖుల అచ్చు బొమ్మలన్నిటికీ జాబితాగా ఒక చరిత్ర రాశాడు. ఆ పుస్తకంలో బొమ్మలు లేవు. కొన్నవాళ్ళు వాటిని సేకరించి తమ ప్రతిలో కుట్టించుకోవడం మొదలుపెట్టారు. బొమ్మల ధరలు లేచాయి. పాత పుస్తకాల్లోంచి ముఖాలు కోసి అమ్మేవాళ్ళు పుట్టారు.

నిన్న ఒక పాత పుస్తకాల కొట్లో ఆ కోత కళ్ళారా చూశాను. పదిహేడో శతాబ్దపు చరిత్ర పుస్తకం. బొమ్మ ఉండాల్సిన చోట, కుట్టు పక్కన, అంగుళం వెడల్పు కాగితం ముక్క. ఎదురుగా పేరు పేజీ మీద మాత్రం లేత గోధుమ రంగులో ఒక ముఖం నీడ. వందేళ్ళో నూటయాభై ఏళ్ళో ఆ బొమ్మ సిరా ఎదుటి కాగితాన్ని తాకుతూ ఉండి, దిగిపోయింది. నుదురూ, గడ్డమూ, మెడ చుట్టూ పట్టీ తెలుస్తున్నాయి. కళ్ళు తెలియలేదు. వేలు పెట్టి తడమబోయి ఆగిపోయాను.

బాబాయ్, ఒక్క మాట. మీ ప్రెస్సు మూసేసినప్పుడు టైపంతా తూకానికి వెళ్ళిపోయింది. జింకు బ్లాకుల చెక్కపెట్టె మాత్రం అటక మీదే ఉంది కదా. బెజవాడలో మీరు పుస్తకాలు వేసిన రచయితల ముఖాలన్నీ అందులో ఉన్నాయి. కొన్నిటి వెనక చెక్క మీద పెన్సిలుతో పేరూ, ఎవరికి తిరిగి ఇవ్వాలో రాసి పెట్టారు మీరు. కొన్నిటి మీద ఏమీ లేదు. పాత సామాన్ల వాడు అడిగితే ఇవ్వొద్దని పిన్నికి గట్టిగా చెప్పండి. ఇరవయ్యో తారీఖుకి ఇంటికొస్తాను. పేరు లేని ఆ ముఖాలెవరివో మీరు చెబుతుంటే నేను రాసుకుంటాను.