ఒక వాక్యం, రెండు చట్టాలు

డేవిడ్ స్టీల్ ఎవరని మన క్యాంటీన్‌లో అడిగి చూడండి. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు, 1975లో ఇంగ్లండు తరఫున ఆడిన తలనెరిసిన బ్యాట్స్‌మన్ అంటారు. ఆయన కాదు. నేను చెప్పబోయే డేవిడ్ స్టీల్ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. 1966లో ఆయనకు 28 ఏళ్లు. అంటే మన రీసెర్చి స్కాలర్ల ఈడు. ఉపఎన్నికలో గెలిచి సభకు వచ్చి అప్పటికి ఏడాది దాటిందంతే. 630 మంది సభ్యులున్న సభలో ఆయన లిబరల్ పార్టీకి ఉన్నవి 12 సీట్లు. మంత్రి కాదు, అవుతానన్న ఆశ కూడా లేదు. అలాంటి మనిషి నూరేళ్లు దాటిన ఒక చట్టాన్ని కదిలించారు. ఆయన బిల్లు మీద జరిగిన చర్చల్లో పుట్టిన ఒక వాక్యం సముద్రాలు దాటి మన చట్టంలో కూడా కనిపిస్తుంది. ఆ వాక్యం సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నాకెందుకు పట్టింది ఈ గొడవ అంటారేమో. నేను లా విద్యార్థినిని. భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్, అంటే నిన్నమొన్నటి ఐపీసీ 312, చెబుతూ మా మాస్టారు ఒక మాట అన్నారు: "ఈ సెక్షన్ ప్రకారం గర్భస్రావం చేసినవాడే కాదమ్మా, చేసుకున్న ఆడమనిషి కూడా ముద్దాయే." క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. అవును, 1860లో రాసింది 2024 జులైలో నంబరు మార్చుకుంది గానీ, నేరం నేరంగానే ఉంది. 1971 నాటి ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు మాత్రమే. ఆ తర్వాత మా వాళ్లు మాక్ పార్లమెంటు పెట్టి, గర్భస్రావ చట్టం మీద చర్చ నాకు అప్పగించారు. సరే, చర్చ అంటే అసలు ఎలా చేస్తారో చూద్దామని, బ్రిటిష్ పార్లమెంటు చర్చల అధికార ప్రతి హ్యాన్సార్డ్ ముందేసుకుని కూర్చున్నాను. మాక్ పార్లమెంటు ఒక పూటలో ముగిసింది. నా చదువు మాత్రం ముగియలేదు.

ముందు కొంచెం వెనకటి కథ. మన 1860 నాటి సెక్షన్‌కు తోబుట్టువు లాంటిది బ్రిటన్‌లో 1861 నాటి చట్టం. గర్భస్రావానికి యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చు. 1938లో ఏలెక్ బోర్న్ అనే ప్రసూతి వైద్యుడు, సైనికుల అత్యాచారానికి గురైన 14 ఏళ్ల పిల్లకు గర్భస్రావం చేసి, తనే పోలీసులకు కబురు పెట్టాడు. కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. తల్లి శరీరమో మనసో పూర్తిగా శిథిలమైపోయేటట్టుంటే అది ఆమె ప్రాణం కాపాడటం కిందికే వస్తుందని జడ్జి జ్యూరీకి చెప్పాడు. అయితే ఒక తీర్పు నీడలో ఎంతమంది డాక్టర్లు నిలబడగలరు? ధైర్యం ఉన్న డాక్టరు, డబ్బున్న పేషెంటు కలిసిన చోట పని జరిగేది. డబ్బు లేనివాళ్లు దొడ్డిదారిన వెళ్లి, కొందరు తిరిగి వచ్చేవారు కాదు. సంస్కరణ బిల్లులు 1950ల నుంచీ వచ్చాయి, పోయాయి. ఒక్కటీ గట్టెక్కలేదు.

మంత్రులు కాని సభ్యులు బిల్లులు పెట్టుకోవడానికి అక్కడ లాటరీ తీస్తారు. 1966లో స్టీల్‌కు మూడో నంబరు వచ్చింది. మొదటి నంబర్లు రావడం అదృష్టం. ఆ అదృష్టాన్ని నియోజకవర్గంలో నలుగురూ మెచ్చుకునే చిన్న బిల్లుకు ఖర్చుపెట్టి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోవచ్చు. ఈయన అందరూ భయపడే విషయం ఎత్తుకున్నారు. తండ్రి స్కాట్లాండు చర్చిలో మతగురువు. మతం తెలీని మనిషేం కాదు. బిల్లుకు పెట్టిన పేరు చూడండి: మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ బిల్లు. ఎక్కడో విన్నట్టు లేదూ? అక్కడ చట్టమయ్యే నాటికి ఆ పేరు పోయి 'అబార్షన్ యాక్ట్' అయింది. మన 1971 చట్టానికి మాత్రం ఆ పొడుగాటి పేరే ఉంది.

1966 జులై 22న బిల్లు రెండో పఠనానికి వచ్చింది. స్టీల్ ఉపన్యాసం చదువుతుంటే నాకు మొదట కొంత నిరాశ కలిగిన మాట నిజం. ఉరుములూ మెరుపులూ లేవు. ఉన్న చట్టం ఎంత అస్పష్టంగా ఉందో, డాక్టరు ఎక్కడ నిలబడాలో తెలియక ఎలా తడబడుతున్నాడో చెబుతారు. అడిగినవారికల్లా గర్భస్రావం అన్నది బిల్లు ఉద్దేశం కాదంటారు. చట్టం వద్దన్నంత మాత్రాన ఈ పని ఆగడం లేదు, చీకట్లో జరుగుతోంది, చీకట్లో ప్రాణాలు పోతున్నాయి అన్నదే ఆయన వాదన సారం. ఆ రోజు ఓటింగులో 223 మంది అవునన్నారు, 29 మంది కాదన్నారు.

ఇంత తేడాతో నెగ్గాక ఇక పండగే అనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలైంది. మొదటి ముసాయిదాలో నాలుగు కారణాలు రాశారు. తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఒకటి. పుట్టబోయే బిడ్డకు తీవ్ర వైకల్యం ఇంకొకటి. మిగిలిన రెండింటి మీద గొడవ. తల్లిగా ఆమె మోయలేనంత భారం పడటం ఒక కారణం; అత్యాచారం, 16 ఏళ్లలోపు వయసు వంటివి మరో కారణం. వైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు. భారం ఎంతో, అత్యాచారం జరిగిందో లేదో తేల్చడం డాక్టరు పనా అన్నారు. స్టీల్ ఆ రెండు అంశాలూ వదులుకున్నారు. ఆయన వెనక నిలిచిన సంస్కరణవాదులకే కోపం వచ్చింది. వదులుకున్న వాటి బదులు బిల్లులోకి వచ్చింది ఒక వాక్యం. ఆరోగ్యానికి ముప్పు ఉందో లేదో తేల్చేటప్పుడు, గర్భవతి ఇప్పుడున్న పరిసరాలనూ, ఇకముందు ఏర్పడతాయని సహేతుకంగా ఊహించగలిగిన పరిసరాలనూ లెక్కలోకి తీసుకోవచ్చు. అంతే. చూడ్డానికి చప్పగా ఉంటుంది. కానీ వాకిట్లోంచి పంపేసిన విషయాన్ని పెరటి తలుపులోంచి లోపలికి తెచ్చిన వాక్యం అది.

వ్యతిరేకించినవాళ్లు కూడా తక్కువవాళ్లు కారు. నార్మన్ సెయింట్ జాన్-స్టీవస్ కేథలిక్ విశ్వాసంతో, న్యాయశాస్త్ర పాండిత్యంతో వాదించారు. జిల్ నైట్ అనే సభ్యురాలు పుట్టబోయే బిడ్డ తరఫున నిలబడ్డారు. ఆ సభలో ఉన్న 26 మంది స్త్రీలూ ఒక్క మాట మీద లేరన్నమాట. ఆ ఏలెక్ బోర్న్ కూడా తర్వాత బిల్లును వ్యతిరేకించే సంఘంలో చేరారు. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఒక పిల్ల కోసం జైలుకు సిద్ధపడిన మనిషికి, చట్టం అందరికీ తలుపు తీస్తుందంటే భయం వేసింది. ఆ భయాన్ని వెక్కిరించడం తేలిక. స్టీల్ వెక్కిరించలేదు. మనస్సాక్షి ఒప్పుకోని డాక్టరు ఈ పనిలో పాల్గొననక్కర్లేదన్న నిబంధన ఆ చట్టంలో ఉంది.

సొంత బిల్లులకు శుక్రవారాల్లో దొరికే కొద్ది గంటలు ఏ మూలకు? ప్రత్యర్థులు మాట్లాడుతూ పోతే చాలు, టైము అయిపోయి బిల్లు చచ్చిపోతుంది. ప్రభుత్వం తటస్థంగా ఉన్నా, హోం మంత్రి రాయ్ జెంకిన్స్ పట్టుబట్టి అదనపు సమయం ఇప్పించారు. 1967 జులై 13 రాత్రి కూర్చున్న సభ మర్నాడు తెల్లవారేదాకా లేవలేదు. మూడో పఠనంలో 167 మంది అనుకూలం, 83 మంది ప్రతికూలం. అక్టోబరు 27న రాజముద్ర పడింది. 1968 ఏప్రిల్ 27న అమల్లోకి వచ్చింది.

ఇక మన దేశం. ఆ చట్టాన్ని మనవాళ్లు కాపీ కొట్టారని అనుకుంటే పొరపాటు. మహారాష్ట్ర ఆరోగ్య మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన 1964లోనే కేంద్రం ఒక కమిటీ వేసింది. స్టీల్ బిల్లు ఇంకా నలుగుతుండగానే, 1966 డిసెంబరులో ఆ కమిటీ నివేదిక వచ్చింది. 1967 నుంచి 1970 దాకా కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ చూసిన శ్రీపతి చంద్రశేఖర్ మన రాజమండ్రిలో పుట్టినవారే. జనాభా శాస్త్రవేత్త; 1974లో గర్భస్రావ సమస్య మీద ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. 1971 ఆగస్టు 10న రాష్ట్రపతి ఆమోదం పొందిన మన చట్టం 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అందులో మూడో సెక్షన్ తీసి, బ్రిటిష్ చట్టం పక్కన పెట్టి చూడండి. 'పరిసరాల' వాక్యం దాదాపు అవే మాటలతో ఉంటుంది. తేడాలూ ఉన్నాయి. స్టీల్ వదులుకున్న అత్యాచారాన్ని మనవాళ్లు వివరణ రూపంలో స్పష్టంగా రాశారు. అక్కడి చట్టం గర్భవతికి ఇప్పటికే ఉన్న పిల్లల ఆరోగ్యాన్ని కూడా లెక్కించింది. మన చట్టంలో ఆ ముక్క లేదు.

ఆ ముక్క లేదని చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊరు గుర్తొచ్చింది. వాళ్ల వీధిలో ఒకావిడకు నలుగురు పిల్లలు. మొగుడు పనికని వలస పోయాడు. ఐదోసారి నెల తప్పింది. పట్నం ఆస్పత్రికి పోతే ఊరంతా తెలుస్తుందని, ఎవరికీ చెప్పకుండా జిల్లేడు పుల్లతో పని కానిచ్చే ముసలమ్మ దగ్గరికి వెళ్లింది. మూడో రోజుకు ఒళ్లు కాలిపోయే జ్వరం. వారం తిరక్కుండా పోయింది. అప్పటికి చట్టం వచ్చి పదేళ్లు దాటిందట. "ఆ చంటిది తల్లి పోయిందని తెలీక పాలకేడ్చిందే" అని అమ్మమ్మ ఇప్పటికీ కళ్లొత్తుకుంటుంది. పరిసరాలంటే ఏమిటో నాకు ఏ లా డిక్షనరీ చెప్పలేదు. అమ్మమ్మ చెప్పింది. నలుగురు పిల్లలు, ఇంట్లో లేని మొగుడు, ఊరి నోరు - ఇవే ఆవిడ పరిసరాలు.

అయితే స్టీల్ వాక్యానికి ఒక లోటుంది. పరిసరాలు ఆమెవి, వాటిని తూచేది మాత్రం డాక్టరు. అక్కడ ఇద్దరు డాక్టర్ల సంతకాలు; ఇక్కడ మొదట్లో 12 వారాల దాకా ఒకరు, 20 వారాల దాకా ఇద్దరు. బిల్లు నెగ్గడానికి ఆనాడు ఆ బేరం తప్పలేదేమో. కానీ తూకం ఒకరి చేతికిస్తే, తూకం వేసేవాడు తన రాళ్లు కూడా రెండు వేస్తాడు. రెండేళ్ల కిందట మా పెద్దమ్మ కూతురికి ఇదే అనుభవం. పెళ్లయి, చంటిపిల్ల తల్లి. ఆస్పత్రికి వెళితే, "మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి" అని వెనక్కి పంపారు. రెండోసారి వెళితే, "మీ అత్తగారికి తెలుసా?" అని అడిగారు. అక్కకు అప్పుడు 26 ఏళ్లు. 18 ఏళ్లు నిండిన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలని చట్టంలో 1971 నుంచీ రాసుంది. ఆ సంగతి అక్కకు తెలీదు. బల్ల అవతల కూర్చున్నవాళ్లకు తెలీదో, తెలిసి చెప్పలేదో!

చట్టం నిలిచిపోలేదు. 2021 సవరణతో ఒక డాక్టరు అభిప్రాయం 20 వారాల దాకా సరిపోతుంది. కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరి అభిప్రాయంతో గడువు 24 వారాలైంది. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో 'వివాహిత, ఆమె భర్త' అన్న మాటలు పోయి 'స్త్రీ, ఆమె భాగస్వామి' అన్న మాటలు వచ్చాయి. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, ఆ 24 వారాల వెసులుబాటు పెళ్లికాని స్త్రీలకూ వర్తిస్తుందని చెబుతూ, కుటుంబ సభ్యుల సమ్మతి వంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదంది. బ్రిటన్‌లో 2025 జూన్ 17న కామన్స్ సభ, తన గర్భం విషయంలో ఒక స్త్రీని నేరస్థురాలిగా చూడరాదన్న సవరణకు 379-137 ఓట్లతో మొగ్గింది. స్టీల్ నాడు కదపలేకపోయిన 1861 రాయి మీద అది మరో దెబ్బ.

శాసనసభ్యుడు గొప్పవాడా కాదా అని మనం ఉపన్యాసాన్ని బట్టి తూస్తాం. మన యూనియన్ ఎన్నికల్లోనూ అంతే. మైకు ముందు బల్ల గుద్దినవాడికి ఓట్లు. స్టీల్ ఉపన్యాసంలో ఒక్క వాక్యమూ నాకు కంఠతా రాలేదు. ఆయన బిల్లులో ఒక వాక్యం మాత్రం వచ్చేసింది. ఎదుటివాడి అభ్యంతరం విని, తన ముసాయిదాలో సగం కొట్టేసి, ఆ కొట్టేసిన చోట మిగిలిన సగాన్ని నిలబెట్టే మాట వెతుక్కోవడం - సభలో చేయదగిన పని అదే అనిపిస్తుంది నాకు. దాని వల్ల ఎంతమంది తల్లులు బతికారో లెక్క కట్టలేం.

ఈ సంచిక మీ హాస్టలు గదిలో కొన్నాళ్లు పడి ఉంటుంది. మిగతాదంతా మర్చిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ కాగితం మీద కావలసిన సమ్మతి ఆమెది. మీ అక్కకో, చెల్లికో, రేపు మీకో అవసరం పడితే, బల్ల అవతలివాళ్లతో ఆ మాట గట్టిగా చెప్పండి.