వేసవి, పుస్తకములు, బంతియాట

మేము కాపురముండు బాల్టిమోరు నగరపు పేరు గుంటూరు మిషను చరిత్ర నెరిగిన మన పత్రిక చదువరులకు క్రొత్త గాదు. 1842వ సంవత్సరమున గుంటూరు చేరిన హేయరు దొరగారు ఓడ యెక్కుటకు ముందు సంస్కృతమును వైద్యమును నభ్యసించినది ఈ యూరనే. ఇచ్చటి యెండ మన యెండకు సాటి రాదు గాని, జూలై మాసపు టుక్క మాత్రము బందరు తీరమును జ్ఞప్తికి దెచ్చును. ఆ యుక్కలో మాకు రెండు వ్యసనములు కలవు: ఒకటి పుస్తకములు, రెండవది బేసుబాలను బంతియాట.

పుస్తకములకు లోటు లేదు. ఈనాక్ ప్రాట్ అను ఇనుప సామానుల వర్తకుడు 1882లో పది లక్షల డాలర్లకు మించిన ధనమును నగరమున కొసగి గ్రంథాలయము నెలకొల్పెను. 1886లో తలుపులు తెరచిన నాటినుండియు జాతిభేదము లేక యెల్లరకు నందు ప్రవేశము కలదు. 1933 నాటి ప్రధాన భవనమునకు వీధినుండి మెట్లెక్క నక్కరలేదు. అంగడి యద్దముల వెనుక చీరలవలె పుస్తకములు కనబడుచుండును. శనివారమున నాలుగు తెచ్చుకొని, వానిలో రెండింటిని విప్పకయే తిరిగి యిచ్చుట మా పరిపాటి. తెలుగు పుస్తకము కావలసినచో రైలెక్కి నలుబది మైళ్ల దూరమునగల వాషింగ్టనునకు, కాంగ్రెసు గ్రంథాలయమునకు బోవుదుము. భారతదేశము అమెరికా ధాన్యమునకు రూపాయలలో చెల్లించిన వెలనుండి కొంత తీసి, 1962 మొదలు మన భాషల గ్రంథములను కొని యిచ్చటి గ్రంథాలయములకు పంపుచు వచ్చిరి. మనవారు తిన్న గోధుమల ధరతో మన పుస్తకములు సముద్రము దాటినవన్నమాట!

మా యింటి ముందర, ఈ యూరి పాత యిండ్లకు వాడుకయైన తెల్ల చలువరాతి మెట్లు గలవు. సాయంకాలమున నా మెట్లపై గూర్చుండి, ప్రక్కను రేడియో, ఒడిలో పుస్తకము, చేత తీపి పానకము పోసిన తురుము మంచు నుంచుకొందుము. ఇచ్చటివారికి గ్రుడ్డు కస్టర్డు రుచిగల మంచు మిక్కిలి ప్రీతి. మాకు నిమ్మరుచియే మేలు.

క్రికెట్టు నెరిగిన బాలురకు ఈ యాట తెలియుట కష్టము గాదు. పక్షమునకు తొమ్మండుగురు, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. ముగ్గురవుటైనచో రెండవ పక్షమువారు బ్యాటు పట్టుదురు. జట్టు ఏటికి 162 ఆటలాడును గనుక నేటి యోటమికి రేపే యోదార్పు దొరకవచ్చును. పూర్వము బంతికిని బంతికిని నడుమ నొక పేరా చదువుట కవకాశముండెడిది. 2023లో గడియారము పెట్టి, బేసులపై నెవరును లేనప్పుడు 15 సెకండ్లలో బంతి వేయవలెనని శాసించిరి. మూడు గంటల యాట రెండు గంటల నలుబది నిమిషములకు దిగెను. చాలమంది మెచ్చిరి, పుస్తకము చేతబట్టి యాట వినువారి మాట మాత్ర మెవరును నడుగరైరి.

ఇట్లుండగా 2022 వేసవిలో మాలో నొకరికి తల్లియు, మరియొకరికి అత్తగారునైన పెద్దావిడ గుంటూరునుండి వచ్చిరి. ఆమె ముప్పదియేండ్లు బాలికలకు లెక్కలు చెప్పినవారు. చదువనిదే నిదుర పట్టనివారు. నీటికాసుల జబ్బుచే చూపు తరుగుచుండెను. పోయిన చూపు తిరిగి రాదనియు, మిగిలినదానిని చుక్కల మందుతో నిలుపుకొనవలెననియు వైద్యుడు చెప్పెను. ఆ దినమున ఆమె బైబిలును మూసి బల్లపై నుంచి, చాలసేపు దానిపై చేయి వేసి యూరకుండిరి.

ఆటయందు అర ఇన్నింగ్సు ముగిసిన ప్రతిసారియు రెండు నిమిషముల కెక్కువగా విరామము దొరకును. విరామమున కొక పుట చొప్పున ఆమెకు పైకి చదువ నారంభించితిమి. వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము ఆ వేసవిలోనే ముగిసెను. ఉచ్చారణ తప్పినచోట నాపి దిద్దుచుందురు. రేడియోవాని యింగ్లీషు వేగము ఆమె చెవికెక్కదు. కాని యాటలో స్థానమున కొక యంకె కలదని విన్నంతనే నిటారుగా గూర్చుండిరి. పిచ్చరు 1, క్యాచరు 2, మొదటి బేసువాడు 3, రెండవ బేసువాడు 4. ఇట్లే 9 వరకు. 6-4-3 అనినచో ఇద్దరొక్కసారి యవుటైరని యర్థము. ఈ లెక్కపుస్తకపు పద్ధతిని పెంపొందించిన హెన్రీ చాడ్విక్కు ఇంగ్లండున 1824లో పుట్టిన క్రికెట్టు విలేఖరి యని చెప్పగా, "అటులనే యుండును, నాయనా, లెక్క వచ్చినవాడే ఆట చూడగలడు" అనిరి. పెద్ద గళ్లు గీసి, నల్లసిరా కలము చేతికిచ్చితిమి. మేము వినిపించిన యంకెలను బొటనవ్రేలంత పెద్దవిగా వ్రాయుదురు. మా కూడికలో తప్పులు పట్టుటయు నిత్యకృత్యమే.

ఒకమారు ఆమెను 1992లో తెరువబడిన కామ్డెన్ యార్డ్సు మైదానమునకు తీసికొనిపోతిమి. 1895లో ఈ యూర బుట్టిన బేబ్ రూతు తండ్రి నడపిన పానశాలలలో నొకటి నేటి యా మైదానపు తావుననే యుండెను. (మిషను బడి పత్రికలో పానశాల మాట వ్రాసినందులకు పెద్దలు మన్నింతురు గాక.) ఆ బాలుని ఏడవయేట క్రైస్తవ సన్యాసులు నడపు పాఠశాలలో చేర్పగా, ఆట యచ్చటనే యబ్బెను. "ఏ పంతులుగారు నేర్పిరి?" అని ఆమె మొదట నడిగిరి. మత్తీయ సోదరుడని చెప్పితిమి. ఆటగాని పరుగుల సంఖ్య నడుగలేదు.

ఈ యేటి ఆటలు సెప్టెంబరు కడపట ముగియును. ఆమె గుంటూరునకు మరలుదురు. వచ్చు వేసవికి ఇంతదూరపు విమానయానము వలదని వైద్యుని యభిప్రాయము. పెట్టె సర్దుచు ఆమె యడిగినది ఒక్కటే: "ఇచ్చట రాత్రి యేడైనప్పుడు మనకు తెల్లవారుజాము నాలుగున్నర గదా. ఆ వేళకు నేనెట్లును ప్రార్థనకు లేతును. ఫోనులో అంకెలు చెప్పుడు, వ్రాసికొందును. విరామమున పుట చదువుట మానకుడు." గళ్లు గీసిన కాగితములు రెండు వందలు పెట్టె యడుగున నుంచితిమి.