ఇంట్లో రెండో ఓటు

2018 డిసెంబర్ 7, శుక్రవారం. తెలంగాణ అసెంబ్లీకి పోలింగ్ రోజు. హైదరాబాద్ శివారు కాలనీలోని ఆ ఇంట్లో ఉదయం ఏడు గంటలకే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు ఓటరు స్లిప్పులు, రెండు గుర్తింపు కార్డులు జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వంటింట్లోంచి మాట వినిపించింది. "మీరు వెళ్లి రండి. నేను రాను."

ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారాయన. జ్వరం లేదు. మోకాళ్ల నొప్పీ లేదు. ఓటు వేయాలని లేదు, అంతే.

నీటిపారుదల శాఖలో 33 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఎన్నికలొచ్చినప్పుడల్లా డ్యూటీ పడేది. బ్యాలెట్ పెట్టెలతో లారీ ఎక్కడం, బడి బల్లల మీద పడుకోవడం, తెల్లారకముందే ఏజెంట్ల ముందు పెట్టెకు సీలు వేయడం ఆయనకు కొట్టిన పిండి. అలాంటివారి ఇంట్లో ఓటు మానేయడమంటే పూజారి ఇంట్లో దీపం పెట్టకపోవడమే.

"చదువుకున్నవాళ్లే ఇలా కూర్చుంటే ఎలా?" అని గొంతు పెంచారు. ఆమె పెంచలేదు. "పెళ్లయిన దగ్గర్నుంచి మీ ఓటే రెండుసార్లు వేస్తున్నాం. ఈసారికి ఒక్కసారి వేయండి చాలు" అన్నారు.

ఆ మాట వెనక నాలుగేళ్ల కథ ఉంది. 2014 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికల్లో, కాలనీకి మంచినీళ్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఓ టీచరు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. ఆయనకు వేయాలని ఆమెకు ఉండేది. "గెలవనివాడికి వేస్తే ఓటు మురిగిపోతుంది" అని దారిలో భర్త చెప్పారు. ఏ గుర్తు మీద నొక్కాలో కూడా, ఎప్పటిలాగే, చెప్పారు. ఆమె నొక్కారు. టీచరుకు డిపాజిట్ దక్కలేదు. కొన్నాళ్లకు కూరగాయల బండి దగ్గర ఎదురుపడి, "మీలాంటివాళ్లన్నా వేశారమ్మా, అదే చాలు" అని దండం పెట్టాడు. ఆమె కాదనలేదు, అవుననలేదు. సంచీ పట్టుకుని ఇంటికొచ్చేశారు. ఆ సంగతి భర్తకు చెప్పింది 2018లో ఆ ఉదయమే.

ఆయన ఒక్కరే వెళ్లి ఓటేసి వచ్చారు. కోపం తగ్గలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాథ్‌ద్వారా సంగతి ఎత్తారు. పదేళ్ల కిందట, 2008 రాజస్థాన్ అసెంబ్లీ ఎన్నికల్లో, అప్పటి పీసీసీ అధ్యక్షుడు సి.పి. జోషి అక్కడ ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ప్రత్యర్థికి 62,216, ఆయనకు 62,215. ఆయన భార్య ఆ రోజు ఓటు వేయలేదని పత్రికలు రాశాయి. "చూశావా, ఒక్క ఓటు!" అన్నారు ఆయన.

"ఆవిడ ఎందుకు వేయలేదో ఎవరైనా అడిగారా?" అన్నారు ఆమె.

ఆయన ఊరుకోలేదు. ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది కదా అన్నారు. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ఓటింగ్ యంత్రంలో ఆ మీట వచ్చింది. అంతకుముందు ఓటు వద్దనుకున్నవాళ్లు 49-ఓ నిబంధన కింద పోలింగ్ అధికారికే ఆ మాట చెప్పి, రిజిస్టరులో రాయించి సంతకం పెట్టాల్సి వచ్చేది. అందులో రహస్యం ఎక్కడిది? నోటాతో ఆ ఇబ్బంది తీరింది. నోటా ఓట్లను లెక్కపెట్టి ప్రకటిస్తారు కూడా. ఇంట్లో కూర్చున్నవాళ్లను ఎవరు లెక్కపెడతారు? జాబితాలో వాళ్ల పేరు పక్కన గుర్తు పడదు, అంతే. అలిగి మానేశారో, ఊళ్లో లేరో, నిద్ర లేవలేదో ఏ కాగితమూ చెప్పదు. ఆయన వాదనలో బలముంది.

ఆమె కాదనలేదు. "ఎవరూ నచ్చలేదనాలన్నా ముందు అందరి గురించీ ఆలోచించాలి కదా. ఆ పని ఇన్నాళ్లూ మీరే చేశారు" అన్నారు.

ఈ దేశంలో భార్య ఓటుకు పాత చరిత్రే ఉంది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితా తయారుచేసినప్పుడు సుమారు 28 లక్షల మంది మహిళలు సొంత పేరు చెప్పలేదు. 'ఫలానావారి భార్య', 'ఫలానావారి తల్లి' అని మాత్రమే రాయించుకున్నారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అందుకు ఒప్పుకోలేదు. పేరు చెప్పనివారిని జాబితాలోంచి తీసేశారు. కటువైన నిర్ణయమే. కానీ ఓటు భర్తది కాదు, ఇంటిది కాదు, పేరున్న ఒక మనిషిది అని అది తేల్చేసింది. 1962 నాటికి కూడా పోలింగ్‌లో పురుషులకూ మహిళలకూ తేడా దాదాపు 17 శాతం. క్యూలో ఆ తేడా తగ్గుతూ వచ్చింది. క్యూకు వెళ్లే దారిలో ఎవరు ఎవరికి ఏం చెప్పారన్నది మాత్రం గణాంకాలకు దొరకదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో ఓటు మాట రాలేదు. ఒకటి మాత్రం మారింది. ఆయన చదివి మడిచిపెట్టిన పేపర్ ఆమె మళ్లీ విప్పి చదవడం మొదలుపెట్టారు. అభ్యర్థులు అఫిడవిట్లలో చూపిన ఆస్తులు, కేసులు కాలనీ ఆడవాళ్లతో మాట్లాడారు.

2019 ఏప్రిల్ 11, లోక్‌సభ పోలింగ్. పురుషుల కంటే మహిళల పోలింగ్ శాతం స్వల్పంగా ఎక్కువ నమోదైన తొలి లోక్‌సభ ఎన్నికలు అవే. ఆయన స్లిప్పులు వెతుక్కుంటుంటే ఒక్కటే కనిపించింది. రెండోది అప్పటికే ఆమె చేతిసంచీలో ఉంది. ఇద్దరూ కలిసే నడిచారు. దారిలో ఆయన నోరు విప్పలేదు. బడి గేటు దగ్గర ఆయన మగవాళ్ల వరసలోకి, ఆమె ఆడవాళ్ల వరసలోకి వెళ్లారు.

తిరిగొచ్చేటప్పుడు అలవాటుగా "ఎవరికి..." అని ఆగిపోయారు. ఎవరికి ఓటేశావో చెప్పమని ఏ సాక్షినీ, మరే వ్యక్తినీ బలవంతపెట్టకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ చెబుతుంది. కోర్టుకు లేని హక్కు ఇంటాయనకు ఎక్కడిది? డ్యూటీ చేసినన్నాళ్లూ ఆ రహస్యాన్ని కాపాడింది ఆయనే.

ఆమె ఎడమ చూపుడు వేలి మీద సిరా ఇంకా తడిగానే ఉంది. "ఎండగా ఉంది, నీడలో నడు" అన్నారాయన.

ఆ రోజు ఆ ఇంటి నుంచి రెండు ఓట్లు పడ్డాయి. రెండూ ఒకే గుర్తుకు పడ్డాయో, వేరువేరు గుర్తులకు పడ్డాయో ఆయనకు ఈ రోజుకీ తెలియదు.