బాంబు సూటు విప్పాక

2010 మార్చి 7న కాథరిన్ బిగెలో ఆస్కార్ అందుకున్నప్పుడు పత్రికలు రెండు మాటలే తిప్పితిప్పి రాశాయి. ఉత్తమ దర్శకత్వానికి ఆ బహుమతి పొందిన తొలి స్త్రీ ఆమె. పోటీలో ఓడినవారిలో ఆమె మాజీ భర్త ఒకడు. నా మిత్రురాళ్ళు మాత్రం ఇంకో మాట అన్నారు: "తీరా ఆమె తీసింది మగవాళ్ళ యుద్ధం సినిమాయేగా! ఇందులో ఆడవాళ్ళేరీ?"

ఆ ప్రశ్నతోనే నేను 'ది హర్ట్ లాకర్' చూస్తాను. ఇరాక్‌లో బాంబులను నిర్వీర్యం చేసే అమెరికన్ దళం కథ ఇది. అలాంటి దళంతో 2004లో తిరిగిన పాత్రికేయుడు మార్క్ బోల్ రాశాడు. సార్జెంట్ జేమ్స్ తన ప్రాణం తీయబోయిన బాంబుల ముక్కలను మంచం కింద పెట్టెలో దాచుకుంటాడు. పెళ్ళి ఉంగరం కూడా అందులోనే. నిబ్బరంగా ఉండే శాన్‌బోర్న్ చివరికి ఏడుస్తూ తనకో కొడుకు కావాలంటాడు. అంత దుఃఖంలోనూ కోరుకున్నది కొడుకునే! భయంతో కుంగిపోతున్న ఎల్‌డ్రిడ్జ్‌కి ధైర్యం చెప్పే మానసిక వైద్యుడు పేలుడులో చనిపోతాడు.

ఇంటికొచ్చిన జేమ్స్ వంటింట్లో బాంబుల కబుర్లు చెబుతుంటే, భార్యో మాజీ భార్యో అతనికే తేలని కోనీ, తరగమని కూరగాయలు అందిస్తుంది. అది ఉదాసీనత కాదు. పసివాణ్ణి పెంచుతూ ఇల్లు నడిపే మనిషి, నువ్వూ ఓ చెయ్యి వెయ్యమని అడగడం. బాంబు ముందు వణకని ఆ చెయ్యి ఈ పనిలో నిలవదు. మళ్ళీ 365 రోజుల యుద్ధానికి వెళ్ళిపోతాడు. వీరత్వం లోపలి డొల్లతనాన్ని బిగెలో ఇంత నిష్కర్షగా చూపింది.

అయినా నన్ను వదలనిది మరో స్త్రీ. ఒక రాత్రి జేమ్స్ తుపాకితో ఓ ఇరాకీ ప్రొఫెసర్ ఇంట్లో జొరబడతాడు. ప్రొఫెసర్ మర్యాదగా మాట్లాడతాడు. ఆయన భార్య మాత్రం కేకలు పెడుతూ మీదపడి జేమ్స్‌ని తరిమేస్తుంది. కెమెరా అతనితోపాటే వీధిలోకి వచ్చేస్తుంది.

సైనికుల మనోవ్యథను అమెరికన్ వైద్యశాస్త్రం 1980లో పి.టి.ఎస్.డి. అని గుర్తించింది. యుద్ధంలో సైనికుడికీ ఇంట్లో హింసపడే స్త్రీకీ తగిలే గాయాలు ఒకే జాతివని జుడిత్ హెర్మన్ 1992లో రాసింది. ఆ ఇరాకీ స్త్రీకి ఇల్లే యుద్ధరంగమైంది. ఆమెకు సెలవు లేదు, తిరిగి వెళ్ళడానికి వేరే ఇల్లూ లేదు. ఆడవాళ్ళేరీ అన్న ప్రశ్నకు నా జవాబు ఆ తలుపు వెనకే ఉంది. సినిమా ఆ తలుపు మళ్ళీ తట్టదు.