చేతిరేడియో చూపు

వాకీటాకీ చేతికి వచ్చిన ప్రతివారూ మొదటి వారంలోనే నిరాశ చెందుతారు. పెట్టె మీద పది కిలోమీటర్లని అచ్చు వేసి ఉంటుంది. ప్రాంగణం దాటి రెండు వీధులు పోగానే మాట తెగిపోతుంది. మా జాతీయ సేవా పథకం విభాగానికి కమిటీ పెద్దలు సమకూర్చిన ఆరు సెట్ల విషయంలోనూ జరిగింది ఇదే. "సార్, ఇవి ఆటబొమ్మలు. ఎక్కువ పవరున్నవి తెప్పించండి" అని విద్యార్థులు మమ్మల్ని చుట్టుముట్టారు. మేము తెలుగు బోధించేవారము. ఛందస్సులోని గణాలు తెలిసినంతగా విద్యుదయస్కాంత తరంగాలు మాకు తెలియవు. అయినా శిబిరం బాధ్యత మా మీద ఉన్నందున భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి, కొన్ని ఆదివారాలు ఎండలో తిరిగి, కొంత నేర్చుకున్నాము. ఈ యంత్రం దాదాపు చూపు సాగినంత మేరకే మాట్లాడుతుందన్నది అందులో ముఖ్యమైనది.

మా సెట్లు 446 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. 446.0 నుంచి 446.2 వరకు గల ఆ చిన్న పట్టీని, అర వాటు శక్తికి లోబడి, లైసెన్సు అక్కర లేకుండా వాడుకోవచ్చునని 2018లో కేంద్రప్రభుత్వం అనుమతించింది. ఆ తరంగం పొడవు 67 సెంటీమీటర్లు. ఇంత పొట్టి తరంగం దాదాపు వెలుతురు వలెనే తిన్నగా పోతుంది. కొండను చుట్టి రాదు, నేల వంపును అనుసరించదు. గాలి పొరల్లో కొద్దిగా కిందికి వంగుతుంది గనుక కంటికి కనిపించే దిగంతానికి కొంచెం ఆవలి దాకా అందుతుంది. లెక్క సులభమే. ఎత్తును మీటర్లలో తీసుకొని, వర్గమూలం కట్టి, 4.12తో హెచ్చిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. నోటి దగ్గర పట్టుకున్న సెట్టు నేలకు మీటరున్నర ఎత్తున ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరికి ఐదు, ఇద్దరికీ కలిపి పది. అంటే పెట్టె మీది మాట అసత్యమేమీ కాదు. చెట్టూ గోడా లేని మైదానంలో నిలిచిన ఇద్దరికి అది సరిపోతుంది. అటువంటి మైదానం మన నగరంలో ఎక్కడున్నదో ఆ పెట్టె చెప్పదు.

గోల్కొండలో ఫతే దర్వాజా గోపురం కింద చప్పట్లు చరిస్తే సుమారు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలా హిసార్‌లో వినిపించడం మన విద్యార్థులందరూ ఎరిగినదే. ఆ చప్పట్ల చోటనే మేమూ మా పరీక్ష మొదలుపెట్టాము. కోట వెలుపల ఇరుకు సందుల్లో అర కిలోమీటరుకే గరగర తప్ప మరేమీ వినిపించలేదు. ఒక్క విద్యార్థిని బాలా హిసార్ మీదికి పంపగానే కుతుబ్ షాహీ సమాధుల దగ్గర నిలిచినవాడి మాట, తారామతి బారాదరి దగ్గరి వాడి మాట, పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చాయి. ఆ కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. పై లెక్క ప్రకారం అక్కడి నుంచి దిగంతం 45 కిలోమీటర్లు. ఇద్దరూ కొండెక్కనక్కర లేదు, ఒకడెక్కితే రెండవవాడికీ ఆ ఫలం దక్కుతుంది. విద్యార్థులకు ఇది ఎంతో నచ్చింది, ముఖ్యంగా కింద నిలిచినవారికి.

ఇక పవరు సంగతి. అడ్డులేని చోటనైనా దూరం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగింతలు కావాలి. నేల మీద నిలిచి మాట్లాడుకునేటప్పుడు, నేలను తాకి వచ్చే తరంగం సూటిగా వచ్చేదాన్ని చెరుపుతుంది గనుక, పదహారింతలు కూడా కావలసి రావచ్చు. బ్యాటరీ మాత్రం ముందే అడుగంటుతుంది. పైగా అటువంటి సెట్టుకు లైసెన్సు కావాలి. లేనివాడు దానిని చేతబట్టడమే నేరం. ఈ కోరికను ఇంతటితో వదిలిపెట్టడం మంచిది.

పట్టుకునే తీరులో ఉన్నంత లాభం పవరులో లేదు. నడుముకు తగిలించుకున్న సెట్టు మాటలో సగాన్ని మన దేహమే మింగుతుంది. మనిషిలో ఉన్నది చాలామట్టుకు నీరే కదా. కాబట్టి ముఖం ఎత్తుకు తీసి, వీలైతే మాట్లాడవలసిన దిక్కుకు తిరిగి నిలవాలి. యాంటెన్నా నిటారుగా ఉండాలి, రెండు వైపులా. ఒకడు నిలువుగానూ, మరొకడు సిగరెట్టు పట్టినట్టు అడ్డంగానూ పట్టుకుంటే అందవలసిన శక్తిలో నూరవ వంతు అందడం కూడా కష్టం. బస్సులో కూర్చుని మాట్లాడరాదు, రేకు కప్పు తరంగాన్ని ఆపుతుంది. వాన తడిసిన ఆకులు ఎండిన కొమ్మల కంటె ఎక్కువగా అడ్డుకుంటాయి. మాట తెగినప్పుడు చేయవలసిన మొదటి పని, నిలిచిన చోటు నుంచి జానెడు పక్కకు జరగడం. గోడలకూ బండలకూ తగిలి వచ్చిన తరంగాలు ఒకచోట ఒకదానినొకటి చెరుపుకుంటాయి, జానెడు అవతల కలిసి బలపడతాయి. ఇది మాకు మొదట మంత్రం వలె తోచింది. మూడుసార్లు చేసి చూశాక నమ్మక తప్పలేదు. అప్పటికీ వినిపించకపోతే మానిటర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. సన్నని స్వరాన్ని యంత్రం గరగరగా భావించి మూసివేస్తుంది. ఆ బటన్ తలుపు తెరుస్తుంది.

ఈ విద్య 2024 అక్టోబరు చివరి వారంలో అనంతగిరి కొండలలో అక్కరకు వచ్చింది. మొక్కల పట్టిక రాయడానికి జట్లుగా అడవిలోకి వెళ్లాము. లోయలోకి దిగే జట్టు తరఫున ఒకడు గట్టు మీదనే నిలవాలన్నది మా నియమం. గట్టు మీద నిలవడం శిక్ష వంటిదని వాళ్లు సణుగుకోవడం మా చెవిన పడకపోలేదు. నాలుగున్నర దాటాక, లోయలో ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు పాచి పట్టిన బండ మీద జారి పడ్డాడు. సెల్‌ఫోన్లలో సిగ్నలు లేదు. రోడ్డు పక్క శిబిరంలో ఉన్న మాకు సెట్టులో గరగర తప్ప ఏమీ రాలేదు. తోడున్న పిల్లవాడు తొందరపడి అరవలేదు. ఎదుటి బండ ఎక్కి, సెట్టు నిటారుగా ఎత్తిపట్టి, గట్టు మీది వాడిని పిలిచాడు. "భాయ్, పాఁవ్ మే మోచ్ ఆయీ, చల్ నై సక్తా" అని లోయ నుంచి ఉర్దూలో వచ్చిన మాట గట్టు మీద తెలుగై మాకు చేరింది: చీలమండ వాచింది, అడుగు వేయలేడు, స్పృహలో ఉన్నాడు, నీళ్లున్నాయి, వెలుగు తగ్గుతోంది. ఈ ఐదు ముక్కలే మాకు కావలసినవి. రెండు వెదురు బొంగులకు దుప్పటి కట్టి నలుగురిని పంపాము. గట్టు మీది వాడు మాట ద్వారానే వారికి దారి చూపాడు. చీకటి పడేసరికి పిల్లవాడు జీపులో ఉన్నాడు.

ఆ రాత్రి విద్యార్థులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. అదే నెల 15న ఆ కొండలకు దగ్గరలోని దామగుండం అడవిలో నౌకాదళపు రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గామికి మాట చేరవేసే యంత్రానికి కొండ అడ్డు కాదా? కాదు, అక్కడి తరంగం పొడవే పది కిలోమీటర్లు, అంతకు మించి. అది భూమి వంపును పట్టుకొని పోతుంది, ఉప్పునీటిలోకి కొన్ని మీటర్ల దాకా దిగుతుంది. దానికి కావలసిన స్తంభాలు, స్థలం, చెట్ల నష్టం వేరే చర్చ. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత పోర్ట్ బ్లెయిర్ నుంచి భారతీ ప్రసాద్ అమెచ్యూర్ రేడియోలో వార్తలు పంపగలిగినది కూడా ఆకాశపు పై పొరలను తాకి తిరిగి నేలకు వచ్చే తరంగాలతోనే. మన అర వాటు సెట్టుకు ఆ భాగ్యం లేదు, గట్టు మీద నిలిచే స్నేహితుడు ఉన్నాడు. పెద్ద తరంగాల విద్య నేర్వదలచినవారు అమెచ్యూర్ లైసెన్సు పరీక్ష రాయవచ్చు; 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన హైదరాబాదులోనే ఉన్నది.

మాట విషయంలో ఒక చిన్న ముచ్చట. గరగరలో ఉర్దూ 'సాత్' వింటే 'సాఠ్' అనిపిస్తుంది, తెలుగు 'ఆరు' వింటే 'నూరు' అనిపిస్తుంది. ఏడుగురు వస్తున్నామన్న జట్టుకు అరవై మంది భోజనం సిద్ధం కావడానికి అంతే చాలు. అందుచేత అంకెను ఏ భాషలోనైనా రెండుసార్లు చెప్పడం, ఎదుటివాడు దానిని మరొక భాషలో తిరిగి చెప్పడం మా పిల్లలు వాళ్లంతట వాళ్లే అలవాటు చేసుకున్నారు. రెండు భాషల కళాశాలకు ఈ సౌకర్యం ఉన్నది. బటన్ నొక్కగానే మాట్లాడకుండా ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే మొదటి పదం మింగుడు పడుతుంది. ఆ మొదటి పదం చాలాసార్లు పేరే.

కమిటీ పెద్దలకు మా మనవి కొద్దిదే. కొత్త సెట్లు అక్కర లేదు. ఒక్కొక్క సెట్టుకు అదనంగా ఒక బ్యాటరీ, నెలకొక ఆదివారం పిల్లలను గోల్కొండకు తీసుకుపోవడానికి అనుమతి, సెట్లు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచే ఏర్పాటు కావాలి. ఇప్పుడవి కార్యాలయపు బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తాళం శనివారం మధ్యాహ్నం తరువాత ఎవరి దగ్గర ఉంటుందో ఎవరికీ తెలియదు.