భీష్ముడు, భీముడు, మైకు

ఆడియో పుస్తకాలు చదవడం నా వృత్తి. పడగ్గదిలో బట్టల బీరువా తలుపులు తెరిచి, కిటికీకి రగ్గు కట్టి, ఫ్యాను ఆపేస్తే అదే స్టూడియో. మైకుకీ నోటికీ మధ్య నల్లటి నైలాన్ వల బిగించిన గుండ్రటి చట్రం ఒకటి ఉంటుంది. పాప్ ఫిల్టర్. ఇంటికొచ్చిన చుట్టాలు మైకును వదిలేసి దాని సంగతే అడుగుతారు.

ప, బ పలకాలంటే పెదాలు మూసి, గాలి బిగబట్టి, ఒక్కసారిగా వదలాలి. ఆ గాలి తిన్నగా వెళ్లి మైకులోని పల్చటి పొరను తోస్తే రికార్డింగులో ‘ధబ్’మంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మాత్రం తలుపు మీద గుద్దినట్టుంటుంది. వల ఆ గాలిని చెదరగొట్టి, మాటను దాదాపు ఉన్నదున్నట్టు పోనిస్తుంది. నోటి తుంపర్లు మైకు మీద పడకుండానూ కాస్తుంది.

ఇంగ్లిష్‌వాళ్లు మాట మొదట్లో వచ్చే ప ను ఊదుతూ పలుకుతారు. మన ప అంత ఊదదు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ‘పప్పు’ అనండి, తర్వాత ‘భీష్ముడు’ అనండి, తేడా చేతికే తగులుతుంది. మన చిక్కంతా ఒత్తక్షరాలతోనే. మాటల్లో భ ను బ చేసేసేవాళ్లకు మైకుతో పేచీ తక్కువ. భారతం చదివేవాళ్లకు ఆ వెసులుబాటెక్కడిది? భీష్ముడు, భీముడు, భగదత్తుడు, భూరిశ్రవుడు ఒకరి వెనక ఒకరు వస్తుంటారు. ఉచ్చారణ శుద్ధంగా ఉన్నకొద్దీ వల అవసరం పెరుగుతుంది.

వలను మైకుకు ఆనించి పెట్టేవాళ్లున్నారు. అలా అయితే కొన్నదానికి ఫలితం సగమే. చెదిరిన గాలి నెమ్మదించడానికి జాగా కావాలి. మైకు నుంచి నాలుగు వేళ్ల ఎడంలో వల, అక్కడి నుంచి మరో నాలుగు వేళ్లలో నోరు, మొత్తం ఆరంగుళాలు. ఇంకా దగ్గరికి జరిగితే కార్డియాయిడ్ మైకులో బేస్ పెరుగుతుంది. గొంతు గంభీరంగా ఉందని మురిసిపోతాం గానీ ధబ్‌ధబ్‌లు కూడా దాంతోపాటే పెరుగుతాయి. గంటల తరబడి చదివేటప్పుడు మెడ దానంతటదే ముందుకు వాలుతుంది, పేజీ పేజీకీ గొంతు మారుతుంది. ముక్కు వలకు తగలగానే వెనక్కి జరుగుతాను. నా మటుకు నాకు ఈ కాపలా కోసమైనా వల ఉండాల్సిందే.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాన్ మేజోళ్లు రెండు పొరలుగా బిగించినా పని జరుగుతుంది. మైకును పెదాలకు సూటిగా కాకుండా కాస్త పక్కగా పెట్టడానికి ఆ ఖర్చు కూడా లేదు. స్పాంజి తొడుగు ఆరుబయట గాలికి మంచిదే. గదిలో గొంతు మెరుపు తగ్గిస్తుందని నేను వాడను. స, శ ల ఈల సంగతి వేరు. అది గాలి దెబ్బ కాదు కాబట్టి ఏ వలా ఆపదు, మైకు కోణం మార్చుకోవాలి, లేదా ఎడిటింగ్‌లో డీ-ఎస్సర్ వెయ్యాలి.

వల దాటి వచ్చిన ధబ్ ఏదైనా మిగిలితే 80 హెర్ట్జ్ దిగువ కోసేస్తే చాలావరకు తగ్గుతుంది. 150 దాకా లాగితే మగ గొంతు పీలగా అయిపోతుంది. అందుకే మొండి భ ఎదురైతే ఫైలంతా కొయ్యను. ఆ వాక్యం ఒక్కటీ మళ్లీ చదువుతాను, పక్కింటి కుక్కర్ కూత పెట్టేలోపు.